నాలుగడుగుల బాల్కనీ

నలభై మూడేళ్ల వయసులో సూపర్వైజరు సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీలో చేరాడు. మొదటి రోజు అతను క్లాసులో అడుగు పెట్టగానే ముప్ఫై మందీ లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పారు. అతను కూడా సైట్లో అలవాటు కొద్దీ చెయ్యూపి, "కూర్చోండి, కూర్చోండి" అంటూ నేరుగా వెనక బెంచీ దాకా వెళ్లి చతికిలబడ్డాడు. అసలు లెక్చరరు వచ్చేదాకా ఎవరికీ సంగతి బోధపడలేదు. బోధపడ్డాక నవ్విన నవ్వు వరండా చివరిదాకా వినిపించింది.

ఆ నవ్వుకి అతను సిగ్గుపడలేదు సరికదా, లోలోపల కాస్త పొంగాడు కూడా. ఎందుకు పొంగడు? ఇరవై రెండేళ్లుగా సైట్లో ఎండకి ఎండి వానకి తడిసిన మనిషి. ఎన్ని ఇళ్లు, ఎన్ని గోడౌన్లు, ఎన్ని నీళ్ల ట్యాంకులు తన చేతిమీదుగా లేచాయో అతనికే గుర్తు లేదు. అయితే చేతిలో ఉన్నది మాత్రం రెండేళ్ల డ్రాయింగ్ కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే. డిగ్రీ లేనివాడి సంతకం ఇక చెల్లదని కంపెనీ కొత్త రూలు తెచ్చింది. అందుకని ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం శని ఆదివారాల్లో నడిపే ఈ క్లాసుల్లో చేరాడు. తోటివాళ్లంతా పాతికేళ్ల లోపు పిల్లలు, డ్రాయింగ్ ఆఫీసుల్లోనో ల్యాబుల్లోనో చిన్నాచితకా పనులు చేసేవాళ్లు. కాగితం ముక్క కోసం వచ్చాను గానీ వీళ్లు నాకు కొత్తగా నేర్పేదేముందని అతని ధీమా.

చుట్టాల దగ్గరైతే ఆ కాగితం ముక్క అవసరం కూడా లేదు. వాళ్లకి అతను ఇరవై ఏళ్లుగా ఇంజనీరే. "కాదండీ, నేను సూపర్వైజర్ని" అని ఒక్కసారైనా దిద్దిన పాపాన పోలేదు. అందరికన్నా ఎక్కువ డప్పు కొట్టేది అక్క. ఆరేళ్లు పెద్దది, బళ్లో లెక్కల టీచరు. పదకొండేళ్ల కిందట ఆవిడ ఇల్లు కట్టుకున్నప్పుడు పునాది నుంచి పిట్టగోడ దాకా దగ్గరుండి కట్టించింది తమ్ముడే. పైగదికి ముందు నాలుగడుగులు బయటికి చొచ్చుకొచ్చే బాల్కనీ కావాలని ఆవిడ ముచ్చటపడితే, ప్లానులో లేకపోయినా "అదెంత పని అక్కా" అని కట్టించి ఇచ్చాడు. వచ్చినవాళ్లని ముందు ఆ బాల్కనీలోకి తీసుకెళ్లి, మా తమ్ముడు కట్టిందని చెప్పి, ఆ తర్వాతే మంచినీళ్లిచ్చేది ఆవిడ.

మూడో సెమిస్టరులో ఒక శనివారం నాడు అతని ధీమాకి చిల్లు పడింది.

స్ట్రక్చర్స్ చెప్పే లెక్చరరు ముప్ఫై దాటని అమ్మాయి. గొంతు చిన్నదే గానీ మాట సూటిగా ఉంటుంది. ఆవేళ క్లాసుకి జానెడు పొడవు స్పాంజి ముక్క తెచ్చింది. దాని పక్క వైపున పెన్నుతో నిలువు గీతలు గీసింది. ఒక చివరని బల్ల మీద పెట్టి బరువైన పుస్తకంతో అదిమి, రెండో చివర గాల్లోకి వచ్చేట్టు ఉంచి, ఆ చివరని వేలితో కిందికి నొక్కింది.

"గీతలు చూడండి. బల్ల అంచు దగ్గర పైభాగం ఏమవుతోంది?"

"సాగుతోంది మేడమ్."

"కాంక్రీటు నొక్కుడికి తట్టుకుంటుంది, సాగితే విరుగుతుంది. సాగే చోట పట్టుకునేది ఇనుమే. మరి బాల్కనీలో రాడ్లు ఎక్కడుండాలి?"

"పైన!" అని క్లాసంతా అరిచింది.

ఇదేమంత గొప్ప సంగతని సూపర్వైజరు ఆవలించబోయాడు. బాల్కనీకి రాడ్లు పైన కట్టాలని సైట్లో సిమెంటు బస్తాలు మోసేవాడికి కూడా తెలుసు. అతని ఆవలింత చూసిందో ఏమో, ఆ అమ్మాయి ఎప్పట్లాగే అతనివైపు తిరిగింది. సైటు సంగతి వస్తే ఆవిడ అతన్నే అడుగుతుంది, అతను లేచి నిలబడి ఛాతీ విరుచుకుని చెప్తాడు. అది వాళ్లిద్దరి మధ్యా మామూలే.

"సార్, మీరు చెప్పండి. పైన కట్టిన రాడ్లు కాంక్రీటు పోసేటప్పుడు పైనే ఉంటాయా?"

"ఉంటాయి మేడమ్" అన్నాడు.

"ఎలా ఉంటాయి? తట్టలు మోసేవాళ్లు నడిచేది వాటి మీదే కదా?"

"కింద చైర్లు పెడతాం మేడమ్" అన్నాడు. చైర్లంటే రాడ్లు తొక్కుడికి కుంగకుండా కింద ఊతంగా పెట్టే ఇనుప వంపులు.

"అందరూ పెడతారా?"

"పెడతారు" అన్నాడు. ఆ మాట అంటూ ఉండగానే అతనికి అక్క ఇల్లు గుర్తొచ్చింది. 

లెక్చరరు బోర్డు మీద ఐదంగుళాల స్లాబు గీసింది. రాడ్డు నాలుగంగుళాల ఎత్తులో ఉంటే ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టింది. తర్వాత అదే రాడ్డు తొక్కుడికి ఒకటిన్నర అంగుళానికి దిగితే ఎంత మోస్తుందో లెక్క కట్టింది. మూడో వంతు కూడా రాలేదు. "ఇనుము అంతే, సిమెంటు అంతే, పైకి చూస్తే తేడా ఏం కనిపించదు" అంటూ ఆవిడ చేతికంటిన సుద్ద దులుపుకుంది. "కాంక్రీటు తనంతట తాను కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. ఒకరోజు జనం ఎక్కువమంది ఎక్కుతారు, అంతే."

పిల్లలు నోట్సులో రాసుకుంటున్నారు. సూపర్వైజరు పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. అక్క బాల్కనీకి కాంక్రీటు పోసిన రోజు అతనికి పూసగుచ్చినట్టు గుర్తుంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, వాన పడేలోపు పోసెయ్యాలని అతని తొందర. రాడ్లు కట్టే మేస్త్రీ పెద్దవాడు, అతని తండ్రి వయసు వాడు. "బాబూ, చైర్లు అయిపోయాయి. ఇంకో నాలుగు వంచుకొస్తా, అరగంట ఆగండి" అన్నాడు. పక్కన బావ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. బావ ముందు ఒక పనివాడు తనకి చెప్పడమా! "నాకు నువ్వు నేర్పుతావా? నీకు రాడ్లు కట్టమని చెప్పాను, కట్టు" అన్నాడు. మేస్త్రీ వంగి మిగిలిన రాడ్లు కట్టేశాడు. తట్టలు మోసేవాళ్లు రాడ్ల మీదే అటూ ఇటూ నడిచారు. వాళ్ల మధ్యలో నిలబడి, బూట్లతో ఆ రాడ్లే తొక్కుతూ, పెద్దగొంతుతో పని చేయించింది తనే. కాలికింద అవి కుంగుతుంటే తెలిసింది కూడా. కొంచెం దిగితే ఏమైంది, ఇనుము ఇనుమేగా అనుకున్నాడు.

క్లాసయ్యాక అందరూ వెళ్లేదాకా పుస్తకాలు సర్దుతున్నట్టు నటించి, లెక్చరరు దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, మా ఫ్రెండొకడున్నాడు. వాడూ మా లైనే. ఎప్పుడో ఒక బాల్కనీకి చైర్లు పెట్టలేదట. ఊరికే అడుగుతున్నాడు, ఏమైనా అవుతుందా అని."

"ఎన్నేళ్లయింది?"

"పదకొండు."

"గోడ దగ్గర పైన బీట ఉందా?"

"చూడలేదు మేడమ్" అని నాలుక కరుచుకున్నాడు. "అదే, మా ఫ్రెండు చూడలేదట."

ఆ అమ్మాయి అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. వెటకారం చేయలేదు. చేసినా బాగుండేది. తనకన్నా పదిహేనేళ్లు చిన్నదైన ఆ మనిషి కళ్లలో జాలి చూసి సూపర్వైజరు సిగ్గుతో చితికిపోయాడు.

"మీ ఫ్రెండుకి చెప్పండి. బీట ఉన్నా లేకపోయినా దానిమీదికి ఎవర్నీ వెళ్లనివ్వొద్దు. కింద ఊతంగా ఇనుప జాకీలు నిలబెట్టించి, తెలిసినవాళ్లకి చూపించమనండి. వచ్చే వారం కాదు, ఇవాళే."

"అలాగే చెప్తాను మేడమ్" అన్నాడు బుద్ధిమంతుడిలా.

చెప్పాడా? మనిషి అంత తొందరగా బాగుపడితే ఇక కథలెందుకు. మర్నాడు అక్క ఇంటికి వెళ్లాడు గానీ, వీధి మలుపు తిరిగి ఆ బాల్కనీ కనబడగానే అతని నడక నెమ్మదించింది. దాని కిందే బావ కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. బావ బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్లుగా బావమరిదిని ఆటపట్టించడమే ఆయనకి రెండో ఉద్యోగం.

"రావోయ్ ఇంజనీరూ! కాలేజీ ఎగ్గొట్టావా? హోంవర్కు చేయలేదని మేడమ్ గెంటేసిందా?"

అతను ఏదో నవ్వాననిపించి, మేడెక్కి నేరుగా బాల్కనీ తలుపు తీశాడు. కాలు బయట పెట్టకుండా గుమ్మంలోనే కూర్చుని, గోడ వారగా పరిచి ఉన్న రబ్బరు పట్టా కొస ఎత్తి చూశాడు. కింద బూడిదరంగు నేల నున్నగా ఉంది, బీట గీట ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

"ఏం వెతుకుతున్నావురా?" అంది అక్క వెనకనుంచి.

పట్టా చటుక్కున వదిలేశాడు. "ఏం లేదక్కా. ఈ బాల్కనీకి ఓసారి రంగు వేయిద్దాం. అప్పటిదాకా తలుపు మూసి ఉంచు. బట్టలవీ డాబా మీద ఆరేసుకో."

"పోయినేడే కదరా రంగేయించాం?"

"అది మంచి రంగు కాదు."

"తెచ్చింది నువ్వే కదరా" అంది అక్క.

కిందికొచ్చి బావ దగ్గర ఇంకో రాయి వేసి చూశాడు. "బావా, ఈ బాల్కనీ కింద రెండు జాకీలు నిలబెడదామనుకుంటున్నా. ఊరికే, కొన్నాళ్లు."

"నిలబెడితే నా స్కూటరెక్కడ పెట్టుకోను, నీ నెత్తినా?" అని బావ పేపరు మడిచాడు. "అయినా ఏమొచ్చిందోయ్ దానికి? ఇంత చిన్న వయసులోనే చేతికర్ర ఇస్తున్నావు?"

అక్క పకపకా నవ్వింది. "మా తమ్ముడు కట్టింది మన మనవల కాలం దాకా ఉంటుంది. నోటికొచ్చినట్టు మాట్లాడకండి" అని మొగుణ్ణి కసిరింది. అదే అదను. ఆ నవ్వులో ఒక్క మాట అనేస్తే అయిపోయేది. కానీ అతను నీళ్లు నమిలాడు. బీట లేదుగా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. అక్క పెట్టిన అన్నం తలవంచుకుని తిని, తోక ముడిచి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మూడు వారాలు అతనికి తిండి సయించలేదు. సైట్లో ఎక్కడ చైర్లు లేకపోయినా పనివాళ్ల మీద ఇంతెత్తున లేచేవాడు. క్లాసులో ముందు బెంచీకి మారాడు, లెక్చరరు కళ్లలోకి మాత్రం చూడలేదు. రోజూ పొద్దున అక్కకి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగేవాడు. ఎప్పుడూ లేనిది తమ్ముడికి ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేమిటని అక్క మురిసిపోయేది. ఆ మురిపెం వింటుంటే అతనికి ఫోను పెట్టేసి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని మనసు పోరుతూనే ఉంది. చెబితే అక్క మొహం ఎలా మారుతుందో తలుచుకుని నోరు పెగిలేది కాదు. అసలు సంగతి అదే. అక్క ప్రాణం మీదికి వస్తుందన్న భయం ఒకపక్క ఉంది, నిజమే. అక్క దృష్టిలో చిన్నబోతానన్న భయం మాత్రం దానికన్నా పెద్దదిగా ఉంది. ఆ ముక్క తనకి తెలుసు కాబట్టే అద్దంలో మొహం చూసుకోలేకపోయాడు.

నాలుగో ఆదివారం బావ రిటైరైన సందర్భంగా డిపో వాళ్లందరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, డిపో మేనేజరు, అంతా కలిసి పాతికమంది దాకా వచ్చారు. సూపర్వైజరు పొద్దున్నే వెళ్లి బాల్కనీ తలుపుకి అడ్డంగా బీరువా జరపబోయాడు. అక్క చూసి, గాలాడదని తిట్టి మళ్లీ మొదటి చోటికి జరిపించింది. జనమంతా కిందే ఉంటారు కదా, మేడ మీదికి ఎవరొస్తారులే అని గుండె చిక్కబట్టుకుని, కింద కుర్చీలు వేసే పనిలో పడ్డాడు.

భోజనాలు అవుతుండగా ఫొటో అన్నారెవరో. ఇంట్లో పాతికమంది ఒక్కచోట పట్టరు. వీధిలో నిలబడితే ఎండ. అప్పుడు అక్కకి ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

"అందరూ మా బాల్కనీలో నిలబడండి, ఫొటో ఆయన వీధిలోంచి తీస్తాడు. మా తమ్ముడు కట్టిన బాల్కనీ, ఎంతమందినైనా మోస్తుంది!"

సూపర్వైజరు ఆ సమయానికి పెరట్లో బకెట్లు కడుగుతున్నాడు. ముందువైపు నుంచి గోలగోలగా నవ్వులు వినిపిస్తే ఏమిటా అని వీధిలోకి వచ్చి తల ఎత్తాడు. బాల్కనీ నిండా మనుషులు. ఒక లావుపాటి కండక్టరు గుమ్మంలో నిలబడి, బస్సులో లాగే "సర్దుకోండి, సర్దుకోండి, ముందుకి జరగండి, ఇంకా బోలెడంత ఖాళీ ఉంది" అని వెనకవాళ్లని నెడుతున్నాడు. జనం విరగబడి నవ్వుతున్నారు. వీధిలోంచి ఫొటోగ్రాఫరు కెమెరా కన్ను దగ్గర పెట్టుకుని, "ఇంకాస్త రెయిలింగు దగ్గరికి రండి సార్!" అంటున్నాడు.

అతను మెట్లు ఎలా ఎక్కాడో అతనికి తెలియదు. కండక్టరుని జబ్బ పట్టుకుని పక్కకి లాగాడు.

"కిందికి పదండి, కింద తీద్దాం. ఇక్కడ వెలుతురు బాలేదు" అన్నాడు ఆయాసపడుతూ.

"ఓహో, ఇంజనీరు గారికి ఫొటోగ్రఫీ కూడా వచ్చా?" అన్నాడు బావ బాల్కనీ మధ్యలోంచి. మళ్లీ నవ్వులు. ఒక్కరూ కదల్లేదు.

ఆ నవ్వుల మధ్య అతనికి కాళ్లకింద ఏదో చిటుక్కుమన్నట్టు అనిపించింది. నిజంగా అయిందో, అతని గుండెల్లోనే అయిందో ఇప్పటికీ చెప్పలేడు. గొంతు చించుకుని అరిచాడు.

"దిగండి! ఇది నేను తప్పు కట్టాను! ఇది మోయదు, పడిపోతుంది, లోపలికి రండి! ఒక్కొక్కరుగా, తోసుకోకుండా రండి!"

నవ్వులు ఆగిపోయాయి. ముందుగా మేనేజరు లోపలికొచ్చాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు, అడుగులో అడుగు వేసుకుంటూ, అతని పక్కనుంచి గదిలోకి నడిచారు.  ప్రతివాడూ అతని మొహం వైపు ఒక్కసారి చూసి కళ్లు తిప్పుకున్నాడు. ఆఖరున బావ వచ్చాడు. జోకు వేస్తాడేమో అనుకున్నాడు సూపర్వైజరు. వేయలేదు.

అందరూ వచ్చేశారనుకుని తలుపు మూయబోతుంటే, అక్క విసురుగా అతన్ని దాటుకుని బాల్కనీలోకి వెళ్లింది.

"వాడికి ఒంట్లో బాలేదు. నెల్రోజులుగా వాడి వాలకమే బాలేదు, చదువు నెత్తికెక్కింది" అంది గదిలోవాళ్లతో. ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది. "పదకొండేళ్ల నుంచీ రోజూ తిరుగుతున్నా దీని మీద. చూడండి, ఏమైంది?" అని మడమతో నేలని దబదబా రెండుసార్లు తన్నింది.

"అక్కా, వద్దు, లోపలికి రా."

"రాను. పదిమందిలో అదేం మాటరా? నువ్వు తప్పు కట్టడమేంటి?"

"అక్కా, నిజం చెప్తున్నా. రాడ్లు పైన ఉండాలి. ఇందులో కిందికి దిగిపోయాయి. మేస్త్రీ అరగంట ఆగమన్నాడు, నేను వినలేదు. బావ చూస్తున్నాడని ఆయన్ని కసిరాను. వాటిని తొక్కింది నేనే అక్కా, నా కాళ్లతో నేనే తొక్కాను. నాకు తెలుసు, నెలరోజులుగా తెలుసు." ఏడుపు వచ్చేస్తోంది, పాతికమంది వింటున్నారన్న ధ్యాస కూడా పోయింది. "నా మాట నమ్ము, లోపలికి రా."

"నీ మాట నమ్మే కదరా ఇన్నాళ్లూ ఇక్కడ నిలబడ్డాను" అంది అక్క.

ఆ మాట అనేశాక ఆవిడ రెయిలింగు మీదనుంచి చెయ్యి తీసి, ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికొచ్చింది. అతను తలుపు మూసి గడియ పెట్టి, ఆ తలుపుకి వీపు ఆనించి అక్కడే కూలబడ్డాడు. అతని సిగ్గు ఎంతటిదంటే, ఆ క్షణాన బాల్కనీ నిజంగానే ఊడి కింద పడితే బాగుండునని, కనీసం తను చెప్పింది నిజమని తేలుతుందని అనిపించింది. అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది.

వచ్చినవాళ్లు చేతులు కడుక్కుని, ఏదో ఒక పని చెప్పి, తొందరగానే వెళ్లిపోయారు. కండక్టరు ఒక్కడే వెళుతూ వెళుతూ అతని భుజం తట్టాడు. ఆ చెయ్యి బరువుకి అతని తల ఇంకాస్త కిందికి దిగింది.

బావ చెప్పకుండానే స్కూటరు తీసి వీధిలో పెట్టాడు. సూపర్వైజరు సైటుకి ఫోన్ చేసి ఆరు జాకీలు తెప్పించి, ఎవర్నీ చెయ్యి వేయనివ్వకుండా తనే ఒక్కొక్కటీ బాల్కనీ కింద నిలబెట్టి బిగించాడు. బావ కొంచెం దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పదకొండేళ్ల కిందట కూడా అలాగే నిలబడ్డాడు. ఒక్కసారి మాత్రం గొంతు సవరించుకుని, "నేను చూస్తున్నాననా ఆయన్ని కసిరింది?" అని అడిగాడు.

"అవును బావా."

"నేనప్పుడు మబ్బు చూస్తున్నానోయ్" అన్నాడు బావ. అందులో వేళాకోళం లేదు.

జాకీలు బిగించడం అయ్యాక అక్క పైనుంచి పిలిచింది. వెళ్లేసరికి ఆవిడ బాల్కనీ తలుపు తీసి, గుమ్మం ఇవతలే మోకాళ్ల మీద కూర్చుని ఉంది. రబ్బరు పట్టాని ఆ కొస నుంచి ఈ కొస దాకా చుట్టేసింది. చేతిలో వంటింటి చాకు ఉంది. దాని మొనతో గోడ వార నేలని గీరుతోంది. నున్నటి సిమెంటు పొర పెచ్చులుగా లేచి వస్తోంది. పొర కింద ఇంకో పొర, దాని కింద మరోటి, ఒక్కోటి ఒక్కో బూడిదరంగులో. అన్నిటి కిందా, గోడ పొడుగునా, రూపాయి బిళ్ల దూరేంత బీట.

ఆ రోజు తను చూసి హమ్మయ్య అనుకున్న నునుపు అదే. ఇరవై రెండేళ్లు సిమెంటు చూసిన కళ్లకి అది కొత్త పూత అని తెలియకపోవడమా! తెలుసుకోవాలనిపించలేదు, అంతే.

"ఎన్నాళ్లయింది?" అన్నాడు.

"నాలుగేళ్లు. ముందు వెంట్రుకంత ఉండేది. ఏటేటా పెద్దదవుతోంది. నేనే సిమెంటు కలిపి పూస్తున్నా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"మీ బావకి తెలిస్తే ఊరుకుంటాడా? డిపో అంతా చెప్పి నవ్వుతాడు. నీకు చెబితే నువ్వు బాధపడతావు. ఎవరి కంటా పడకూడదని ఆ పట్టా కొన్నాను." చాకు మొనకి అంటుకున్న సిమెంటు పొడిని వేలితో తుడిచింది. "నీకు చెడ్డపేరు రాకూడదనుకున్నా గానీ, ఇవాళ వాళ్లందర్నీ నేనే ఎక్కించాను కదరా."

అతను అక్క పక్కనే గుమ్మంలో కూర్చున్నాడు. తన సిగ్గు తనొక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్లూ. దాన్ని నాలుగేళ్లుగా అక్క చేత మోయించానని ఇప్పుడు తెలిసింది. ఓదారుద్దామని చెయ్యి చాపబోయి, ఏ మొహంతో ఓదార్చాలో తెలియక వెనక్కి తీసుకున్నాడు.

 అక్క లేచి, చీపురుతో పెచ్చులన్నీ ఒకచోటికి ఊడ్చింది. తర్వాత తల ఎత్తి గది పైకప్పు వైపు చూసింది. అక్కణ్ణించి గోడల వైపు, కిటికీల మీది దూలాల వైపు చూసింది. గొంతు తగ్గించి, పరాయివాళ్లని అడిగినట్టు మొహమాటంగా అడిగింది.

"ఒరే, మిగతా ఇల్లు బాగానే కట్టావా?"

పదకొండేళ్లలో ఆవిడ ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. బ్రహ్మాండంగా కట్టానక్కా అనే మాట అతని నాలుక చివర్న ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఇప్పుడు వెతుక్కున్నా దొరకలేదు.

"చూడాలక్కా" అన్నాడు.

ఆవిడ తలూపి, పక్కకి జరిగి దారి ఇచ్చింది. అతను ఆ గదితోనే మొదలుపెట్టాడు. ఒక్కో గదిలో దీపాలన్నీ వేస్తూ అక్క అతని వెనకాలే నడిచింది.